సైకిల్ ఎంత, కారు ఎంత? కామాటిపుర గల్లీల నుంచి ఒక లెక్క

ముంబై కామాటిపురలో ఉండే ఒకాయన నెల రోజుల తన రాకపోకలన్నీ చీటీ మీద రాసిపెట్టుకున్నాడని అనుకుందాం. ఆ నెలలో సైకిల్ మీద 40 ట్రిప్పులు తిరిగాడు. ముంబై సెంట్రల్ స్టేషన్‌కి, కూరగాయలకి, పిల్లాడిని ట్యూషన్‌లో దింపడానికి. సగటున ఒక్కోటి 2 కిలోమీటర్లు. కారులో నాలుగే ట్రిప్పులు. భివండిలో చుట్టాలింటికి రెండుసార్లు పోయి వచ్చాడు, ఒక్కో వైపు 40 కిలోమీటర్ల లెక్కన. ఇంతకీ ఈయనది సైకిల్ అలవాటా, కారు అలవాటా? ట్రిప్పులు చూస్తే 44లో 40 సైకిల్‌వే, అంటే 91 శాతం. కిలోమీటర్లు కూడితే సైకిల్‌వి 80, కారువి 160. సైకిల్ వాటా మూడో వంతుకి పడిపోయింది. పోనీ సమయం చూద్దామంటే, గంటకి 12 కిలోమీటర్ల చొప్పున సైకిల్ మీద 400 నిమిషాలు, 24 చొప్పున కారులోనూ 400 నిమిషాలే. సరిసమానం. మనిషి ఒక్కడే, నెల ఒక్కటే, తీర్పులు మాత్రం మూడు. మూడింట్లో ఏ ఒక్కటీ అబద్ధం కాదు.

ఇప్పుడు ఫోన్లలో ఉన్న యాప్‌లు ఈ మూడింట్లో ఏదో ఒకటి ఎంచుకుని, పైన ఆకుపచ్చ బొమ్మ ఒకటి పెట్టి, ‘ఈ నెల ఇంత సైకిల్ తొక్కారు, ఇంత కార్బన్ ఆపారు’ అని అభినందిస్తున్నాయి. ఎంచుకున్న కొలత ఏమిటో చెప్పవు. సొంత అలవాటును ఏళ్ళ తరబడి గమనించదలచినవాళ్ళు ఆధారపడాల్సినది ట్రిప్పుల లెక్క మీద, అదీ ‘సైకిల్ లేకపోతే ఎలా వెళ్ళేవాణ్ణి’ అన్న ప్రశ్నకు జవాబుతో కలిపి. ముంబైలో తెలుగువాళ్ళు ఉండే చాళ్లలో, అంటే ఒంటిగది ఇళ్ళ భవనాల్లో, ఈ రెండో ప్రశ్న లేకుండా చేసిన ఏ లెక్కా నిలబడదు.

కిలోమీటరు ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది

నెదర్లాండ్స్‌లో 1978 నుంచి ప్రభుత్వ గణాంక శాఖ జనం చేత ప్రయాణాల డైరీ రాయిస్తోంది. ఆ దేశంలో నాలుగో వంతు కంటే ఎక్కువ ట్రిప్పులు సైకిల్ మీదే జరుగుతాయి. అదే దేశాన్ని కిలోమీటర్లలో కొలిస్తే సైకిల్ వాటా పదో వంతు కూడా ఉండదు. ప్రపంచంలోకెల్లా గొప్ప సైకిల్ దేశంగా పేరుపడ్డ చోటే ఇలా ఉంటే మిగతా చోట్ల సంగతి చెప్పక్కర్లేదు. కిరాణా సంచిలో పది కిలోల బియ్యం, రెండు కొత్తిమీర కట్టలు ఉంటే తూకంలో కొత్తిమీర కనిపించనే కనిపించదు. అలాగని ఆ ఇంట్లో కొత్తిమీర వాడరని తేల్చేస్తే వంట తెలిసినవాళ్ళు నవ్వుతారు. రోజూ వాడేదానికీ ఎప్పుడో ఒకసారి పెద్ద మోతాదులో వాడేదానికీ ఒకే తూకం పనికిరాదు.

దీని వెనక ఇంకో లోతైన కారణం ఉంది. మనిషి ముందు దూరం నిర్ణయించుకుని, తర్వాత దానికి తగ్గ వాహనం వెతుక్కుంటాడని మనం అనుకుంటాం. చాలాసార్లు జరిగేది దీనికి తలకిందులు. చేతిలో ఉన్న వాహనమే దూరాన్ని నిర్ణయిస్తుంది. 1970లలో యాకోవ్ జహావి అనే రవాణా పరిశోధకుడు వేర్వేరు నగరాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే, జనం రోజూ ప్రయాణానికి పెట్టే సమయం సగటున గంటకి కాస్త అటూ ఇటూగానే తేలింది. వేగం పెరిగితే సమయం మిగలడం లేదు, ఇంకా దూరం వెళ్తున్నారు. కారు చేతికొచ్చాక నెలవారీ సరుకులకు పక్క గల్లీ బదులు మాల్‌కి పోతారు. అందుకే కిలోమీటర్లలో కారు గెలుపు ముందే ఖాయమైపోయిన పోటీ.

కిలోమీటర్లు అలవాటును చూపవనడానికి చాళ్ల చరిత్రే సాక్ష్యం. నిజాం రాజ్యం నుంచి వచ్చి బొంబాయిలో కట్టుబడి పనులు చేసిన కామాటీల వల్ల కామాటిపురకి ఆ పేరు వచ్చింది. తర్వాత కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు వైపు నుంచి పద్మశాలీలు బట్టల మిల్లులకు వచ్చారు. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ (బీడీడీ) వర్లీ, నాయ్‌గావ్, ఎన్.ఎం. జోషీ మార్గ్, సెవ్రీలలో 207 చాళ్లు కట్టింది. ఒక్కో ఖోలీ (గది) 160 చదరపు అడుగులు. వీటిలో చాలావాటికి మిల్లులు నడకదూరం. 1982 జనవరి 18న మొదలైన సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. బతుకుతెరువు భివండి మరమగ్గాలకీ, శివారు గోదాములకీ, సముద్రపు పాయ అవతలి నవీ ముంబైకీ జరిగింది. ఇల్లు ఉన్నచోటే ఉంది, పని దూరమైంది. ఆ ఇంటివాళ్ళ కిలోమీటర్లు అమాంతం పెరిగాయి. వాళ్ళ అలవాటు మారిందా? గడప దాటే ట్రిప్పుల సంఖ్య పెద్దగా మారి ఉండదు. కిలోమీటర్లు నగరం గురించి చెబుతాయి, ట్రిప్పులు మనిషి గురించి చెబుతాయి. నిర్ణయం జరిగేది కిలోమీటరు కిలోమీటరుకీ కాదు, గడప దగ్గర ఒక్కసారే కదా.

సైకిల్ లేకపోతే?

ఆ 80 సైకిల్ కిలోమీటర్లనే మళ్ళీ తీసుకుందాం. లీటరుకి 15 కిలోమీటర్లు ఇచ్చే కారులో ఆ దూరానికి 5.3 లీటర్ల పెట్రోలు కావాలి. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. యాప్ ఈ రెండూ గుణించి, 12 కిలోలు ఆపారని చెబుతుంది. గుణింతంలో తప్పు లేదు, ఊహలోనే ఉంది తప్పు. ఆ 40 ట్రిప్పులూ సైకిల్ లేకపోతే కారులోనే జరిగేవని యాప్ నమ్మింది.

కామాటిపురలో ఆ నమ్మకం చెల్లదు. దక్షిణ ముంబైలోకి ఆటోలకు అనుమతి లేదు. మాహిం, సయన్‌లు దాటి అవి ఇటు రావు. రెండు కిలోమీటర్ల పనికి ఉన్న దారులు మూడే: కాళ్ళు, బెస్ట్ బస్సు, కాలీపీలీ టాక్సీ. 2025 ఫిబ్రవరి నుంచి టాక్సీ కనీస చార్జీ 31 రూపాయలు, ఆ మే నెల నుంచి బస్సు కనీస చార్జీ 10 రూపాయలు. కనుక ఎక్కువమంది నడిచేవారే. ముంబై ప్రాంతీయ అభివృద్ధి సంస్థ ఎం.ఎం.ఆర్.డి.ఏ. 2000 దశకంలో చేయించిన సమగ్ర రవాణా అధ్యయనంలోనూ ముంబై మహానగర ప్రాంతపు ట్రిప్పుల్లో సగానికి పైగా పూర్తిగా కాలినడకవేనని తేలింది. మన ఉదాహరణలోని 40 ట్రిప్పుల్లో 26 నడకని, 10 బస్సుని, 4 టాక్సీని తప్పించాయనుకోండి. నిజంగా తగ్గిన కారు ప్రయాణం 8 కిలోమీటర్లు. యాప్ చెప్పిన 12 కిలోలు కిలో చిల్లరకి దిగిపోతాయి. ముంబై టాక్సీల్లో అధికభాగం సీఎన్‌జీ మీద నడుస్తాయి గనుక అది కూడా కొంచెం ఎక్కువ చెప్పినట్టే.

ఇది చాళ్లకే పరిమితమైన చిక్కు కాదు. అద్దె సైకిళ్ళ పథకాలపై ఎలియట్ ఫిష్‌మన్, ఆయన సహచరులు 2014లో ప్రచురించిన పరిశోధనలో లండన్ అద్దె సైకిల్ ట్రిప్పుల్లో కారుకి బదులుగా జరిగినవి 2 శాతమేనని లెక్కతేలింది. సైకిళ్ళను ఒక స్టాండు నుంచి మరో స్టాండుకి మోసే వ్యాన్లు తిరిగిన దూరం, తగ్గిన కారు దూరాన్ని మించిపోయింది. అదే పరిశోధనలో, జనం ఎక్కువగా కార్ల మీద ఆధారపడ్డ మెల్‌బోర్న్, వాషింగ్టన్ లాంటి నగరాల్లో లాభమే కనిపించింది. సైకిల్ అదే, తొక్కడమూ అదే. అది దేని స్థానంలోకి వచ్చిందన్నదే తేడా.

వ్యాయామం సంగతిలో ఇంకా విడ్డూరం ఉంది. కిలోమీటరు నడవడానికి శరీరం ఖర్చుపెట్టే శక్తి కంటే చాలా తక్కువతోనే సైకిల్ మీద కిలోమీటరు పోవచ్చు. యంత్రంగా సైకిల్ గొప్పతనం అదే. అయితే రోజూ నడిచే స్టేషన్‌కి సైకిల్ మీద పోవడం మొదలుపెట్టినవాడు, ఆ మేరకు తన వ్యాయామాన్ని తగ్గించుకున్నాడన్నమాట. మిగిలిన సమయంలో ఇంకో పని చూసుకోవచ్చు, అది నిజమైన లాభమే. దాన్ని ఆరోగ్యం పద్దులో రాయకూడదు, అంతే. అందుకే సైకిల్‌నీ కారునీ పోల్చే పుస్తకంలో నడకకీ బస్సుకీ లోకల్‌కీ గడి లేకపోతే, ఎంత శ్రద్ధగా నింపినా అది సగం పుస్తకమే.

ఫోనుకి ఎలా తెలుస్తుంది, ఎక్కడ పప్పులో కాలేస్తుంది

ఇదంతా చేత్తో రాయడమెందుకు, ఫోనే గుర్తుపడుతుంది కదా అనవచ్చు. ఫోను ముందు చూసేది వేగం. గంటకి 5 కిలోమీటర్లయితే నడక, 60 అయితే రైలో కారో. ఖాళీ రోడ్డు మీద ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది. సాయంత్రం ఆరు గంటలకు మౌలానా ఆజాద్ రోడ్డు మీద కారు సైకిల్ వేగంతోనే పాకుతుంది. అప్పుడు ఫోను రెండో సాక్ష్యం వెతుకుతుంది. లోపలున్న కదలికల సెన్సార్ నడిచేవాడి అడుగుల్ని సెకనుకి రెండు చొప్పున పసిగడుతుంది. సైకిల్ తొక్కేవాడి మోకాలు సెకనుకి సుమారు ఒకసారి పైకి లేస్తుంది, ఫోను ప్యాంటు జేబులో ఉంటే ఆ ఊపు తెలుస్తుంది. చొక్కా జేబులోనో, హ్యాండిల్‌కి తగిలించిన సంచిలోనో ఉంటే ఆ ఊపు అందదు. మిగిలేది గతుకుల అదురు. మన రోడ్ల మీద అదురు అన్ని వాహనాలకీ సమంగానే పంపిణీ అవుతుంది. దాంతో ట్రాఫిక్‌లో ఇరుక్కున్న టాక్సీ సైకిల్ పద్దులో పడుతుంది, సామాను మోస్తూ తోసుకెళ్ళిన సైకిల్ నడక పద్దులో పడుతుంది.

▣ ఉపగ్రహం చెప్పే దూరం, చక్రం చెప్పే దూరం
జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. సంకేతం ఫోనుకి చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కవుతుంది. కాంతివేగంతో వచ్చే ఈ సంకేతం సెకనులో వందకోట్లో వంతు కాలంలో 30 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. ఇరుకు గల్లీలో అది నేరుగా రాకుండా ఎదుటి భవనాన్ని తాకి వస్తే, పది అలాంటి క్షణాలు ఆలస్యమైనా 3 మీటర్ల తేడా. పక్కపక్కనే సమాంతరంగా సాగే కామాటిపుర గల్లీల్లో ఈ తేడాలు కలిస్తే మ్యాప్ మిమ్మల్ని పక్క గల్లీలో చూపిస్తుంది. నేరుగా వెళ్ళిన దారి వంకరటింకరగా నమోదై, మొత్తం దూరం ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. మామూలు నల్ల సైకిల్ చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 2.2 మీటర్లు. చువ్వకి అయస్కాంతం కట్టి చుట్లు లెక్కించే చవక మీటరుకి భవనాలతో పనిలేదు.

యాప్ మీద ఇంకో అభ్యంతరం కూడా ఉంది, కామాటిపురలో అది చిన్నది కాదు. రోజూ ప్రయాణం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూస్తే ఇల్లు దొరికిపోతుంది. స్ట్రావా అనే వ్యాయామ యాప్ తన వాడకందార్ల దారులన్నీ కలిపి పెట్టిన ప్రపంచ పటంలో సైనిక శిబిరాలు బయటపడ్డాయని 2018 జనవరిలో గగ్గోలు లేచింది. రెడ్‌లైట్ ఏరియాగా ముద్రపడ్డ ఈ పేట పేరు వినగానే ముఖం మార్చే ఊరిలో, ఉద్యోగం కోసమో సంబంధం కోసమో చిరునామా చెప్పడానికి వెనకాడే కుటుంబాలకు, అలాంటి పటం సరదా వస్తువు కాదు. కాగితం పుస్తకం ఏ సర్వర్‌కీ కబురు పంపదు.

రాయడం మొదలుపెట్టగానే మారే మనిషి

పుస్తకం పెట్టాక వచ్చే చిక్కు వేరు. కొలుస్తున్నామని తెలిసిన మనిషి మామూలుగా ఉండడు. అడుగులు లెక్కపెట్టే పెడోమీటర్ల మీద జరిగిన 26 అధ్యయనాలను 2007లో ఒకచోట చేర్చి చూస్తే, పరికరం తగిలించుకున్నవాళ్ళ నడక సుమారు 27 శాతం పెరిగినట్టు తేలింది. అలవాటు పెంచుకోవాలనుకునేవాళ్ళకు ఇది శుభవార్త. ఉన్న అలవాటు ఎంతో తెలుసుకోవాలనుకునేవాళ్ళకు మాత్రం అడ్డంకి, ఎందుకంటే మొదటి రెండు మూడు వారాల అంకెల్లో ఉత్సాహం కలిసి ఉంటుంది. వాటిని రాయాలి, పోలికకు మాత్రం వాడకూడదు. ఎప్పటికప్పుడు రాయకుండా నెలాఖరున గుర్తుచేసుకుని రాస్తే ఇంకో పొరపాటు. భివండి ప్రయాణం గుర్తుంటుంది, పాలకి వెళ్ళింది గుర్తుండదు. జ్ఞాపకం కూడా కిలోమీటర్ల పక్షమే.

ముంబైలో వాన లెక్క తీయకుండా ఏ పోలికా కుదరదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఇక్కడ 2,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. మే నెలతో జులైని పోల్చి ‘సైకిల్ మానేశాను’ అనుకోవడం, డిసెంబర్ రాగానే ‘మళ్ళీ పుంజుకున్నాను’ అని మురిసిపోవడం రెండూ ఆకాశాన్ని కొలిచి అలవాటని పిలవడమే. జులైని కిందటేటి జులైతో పోల్చాలి. అందువల్ల ఏడాది నిండని లెక్క నుంచి పెద్ద తీర్పులు తీయడం తొందరపాటు.

గంటల్లో కారు ఖరీదు

ఇవాన్ ఇలిచ్ అనే ఆలోచనాపరుడు 1974లో ఒక చురుకైన లెక్క వేశాడు. అమెరికావాడు కారు నడపడానికీ, ఆ కారు కోసం సంపాదించడానికీ కలిపి ఏడాదికి 1,600 గంటలు వెచ్చిస్తున్నాడు, దానితో 7,500 మైళ్ళు పోతున్నాడు, అంటే గంటకి 5 మైళ్ళు కూడా లేదన్నాడు. ఇదే పద్ధతిని చాళ్లకి దించి చూద్దాం. అంకెలు ఊహించినవే, ఎవరివి వాళ్ళు వేసుకోవచ్చు. నెలకి 30,000 రూపాయలు, 200 గంటల పని, అంటే గంట విలువ 150 రూపాయలు. కారు వాయిదా, పెట్రోలు, బీమా, మరమ్మతు, పార్కింగ్ కలిపి నెలకి 15,000 అయితే అది 100 గంటల కష్టం. నెలకి 600 కిలోమీటర్లు గంటకి 18 చొప్పున నడిపితే ఇంకో 33 గంటలు. మొత్తం మీద గంటకి నాలుగున్నర కిలోమీటర్లు, నడక కంటే తక్కువ. సైకిల్‌కి నెలకి 200 రూపాయలు పోయినా అది గంటా ఇరవై నిమిషాల పని. 200 కిలోమీటర్లు గంటకి 12 చొప్పున తొక్కితే, అన్నీ కలిపి గంటకి 11 కిలోమీటర్లు పడుతుంది.

దీనికి ఎదురుమాట ఉంది, గట్టిదే. కారులో నలుగురు కూర్చుంటారు. ముసలి తల్లిని ఆసుపత్రికి సైకిల్ మీద తీసుకుపోలేరు. జులై రాత్రి ఆ కారు చేసే పనికి రూపాయల్లో వెల కట్టలేం. ఒప్పుకోవాల్సిందే. అయితే దానికి కొలతను వదిలెయ్యక్కర్లేదు, నలుగురు ఎక్కితే నాలుగు మనిషి ట్రిప్పులుగా రాస్తే సరి. అలా రాసినప్పుడు కారు తన గౌరవం తాను నిలబెట్టుకునే ట్రిప్పులు ఏవో, ఒంటరిగా కిలోమీటరున్నర పోయి పార్కింగ్ కోసం పావుగంట చుట్లు తిరిగిన ట్రిప్పులు ఏవో విడివిడిగా కనిపిస్తాయి. పొగ విషయంలోనూ ఆ రెండో రకమే చెడ్డది. ఇంజన్ వేడెక్కే దాకా, పొగగొట్టంలో విషవాయువుల్ని విరిచే పరికరం సరిగా పనిచేయదు. చిన్న ట్రిప్పు ఆ వేడి రాకముందే అయిపోతుంది.

పొగ అనగానే, ముంబై గాలిలో సైకిల్ తొక్కితే ఊపిరితిత్తులకి నష్టం కాదా అని అడుగుతారు. మార్కో టైనియో బృందం 2016లో ఈ ప్రశ్నకే లెక్క కట్టింది. సన్నని ధూళికణాలు ఘనమీటరుకి 100 మైక్రోగ్రాములున్న గాలిలో రోజుకి గంటన్నర దాటి తొక్కితే గానీ నష్టం లాభాన్ని మించదని తేలింది. ముంబై చలికాలంలో గాలి ఆ స్థాయికి చేరే రోజులుంటాయి. పాల క్యాన్లు, పావ్ బుట్టలు కట్టుకుని రోజంతా తొక్కేవాళ్ళకి అది నిజమైన ప్రమాదమే. పావుగంట దూరం స్టేషన్‌కి పోయేవాడికి కాదు. రోడ్డు భయం వేరే సంగతి, దానికి ఇంత ధీమాగా జవాబు చెప్పలేం. బాంద్రా-కుర్లా కాంప్లెక్స్‌లో 2011లో వేసిన సైకిల్ దారి చివరికి బళ్ళు నిలిపే చోటుగా మారింది. ఆ మాటకొస్తే, సైకిల్ తియ్యని రోజు ఎందుకు తియ్యలేదో కూడా పుస్తకంలో రాయాలి. ‘వాన’, ‘లారీలు’, ‘పెట్టుకోడానికి చోటు లేదు’ అని మూడు మాటల్లో రాసినా చాలు. అలవాటు లోపమేదో నగరం లోపమేదో విడదీసేది ఆ గడే.

ఖోలీ నుంచి టవర్‌కి

చాళ్లలో కార్లే తక్కువ, పోల్చడానికి ఏముందన్న ప్రశ్న మిగిలింది. తక్కువ కాబట్టే ఇప్పుడు కొలవాలి. 2025 ఆగస్టు 14న వర్లీ బీడీడీ చాళ్ల 556 కుటుంబాలకు కొత్త టవర్ల తాళాలు అందాయి. 160 చదరపు అడుగుల ఖోలీ పోయి 500 చదరపు అడుగుల ఫ్లాటు వచ్చింది, కింద పార్కింగ్ అంతస్తులు వచ్చాయి. కామాటిపురను కూడా రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా ద్వారా తిరగకట్టే పథకం నడుస్తోంది. బండి పెట్టుకునే చోటే బండిని కొనిపిస్తుందనడానికి శాన్ ఫ్రాన్సిస్కో నుంచి మంచి సాక్ష్యం ఉంది. అక్కడ చవక ఇళ్ళను లాటరీ తీసి కేటాయిస్తారు. ఎవరికి ఏ భవనం వస్తుందన్నది అదృష్టమే గనుక, కారు ఇష్టపడేవాళ్ళే పార్కింగ్ ఉన్న ఇల్లు ఎంచుకున్నారనడానికి వీల్లేదు. 2021లో వచ్చిన ఆ అధ్యయనంలో, ఇంటికొక పార్కింగ్ ఉన్న భవనాల్లో కారున్న కుటుంబాల వాటా, పార్కింగ్ లేని భవనాల్లో కంటే రెట్టింపు దాటింది. మనుషులు ఒకేలాంటివాళ్ళు, మారింది భవనం.

సైకిల్‌కీ ఇదే వర్తిస్తుంది. చాల్‌లో దాన్ని మెట్ల కింద గొలుసు వేసి పెట్టాలి, లేదా మూడంతస్తులు భుజాన మొయ్యాలి. టవర్‌లో లిఫ్టు ఎక్కనిస్తారా, కింద స్టాండు ఇస్తారా అన్నది సొసైటీ రాసుకునే ఒక్క నిబంధన. ఆ నిబంధన రాసే సమావేశంలో చేతిలో అంకెలుంటే మాట చెల్లుతుంది. జనగణన మీద ఆశ పెట్టుకోలేం. 2011లో అది ప్రయాణ సాధనం అడిగింది పనికి వెళ్ళేవాళ్ళనే, అందులోనూ ఇంటి పరిశ్రమలో ఉన్నవాళ్ళను వదిలేసింది. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు బజారుకీ బడికీ వేసే ట్రిప్పులు ఆ లెక్కలో లేవు.

కామాటిపురలోనో, ఇంకా ఖాళీ కాని చాళ్లలోనో ఉన్నవాళ్ళు ఈ వారమే పది రూపాయల నోటుపుస్తకం ఒకటి తెచ్చుకోండి. తేదీ, ఎక్కడికి, దేనిమీద, ఎంతమంది, అది లేకపోతే ఎలా వెళ్ళేవాళ్ళు, సైకిల్ తియ్యకపోతే ఎందుకు: ఈ ఆరు గడులు చాలు. ఇంట్లో అందరి ట్రిప్పులూ ఏ రోజువి ఆ రోజు రాయండి. టవర్ కట్టడం పూర్తయ్యేదాకా తాత్కాలిక అద్దె ఇంట్లో ఉన్న కాలాన్ని వేరే పేజీల్లో ఉంచండి, అది పాత అలవాటూ కాదు, కొత్తదీ కాదు. టవర్‌లోకి చేరాక అదే పుస్తకం కొనసాగించి, సొసైటీ మొదటి సర్వసభ్య సమావేశానికి వెంట తీసుకెళ్ళండి.